మీడియా ఇంటర్న్‌షిప్: నల్లగొండ, పాలమూరు విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రికల్లో, ఛానళ్లలో ఇంటర్న్‌షిప్‌కు వెళ్లే డిగ్రీ, పీజీ విద్యార్థులు ఏటా దాదాపు ఇవే సందేహాలు అడుగుతున్నారు. ఉమ్మడి నల్లగొండ, ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాల వారిని దృష్టిలో పెట్టుకొని జవాబులన్నీ ఒకచోట చేర్చాను. మీకు కావలసిన ప్రశ్న ఒక్కటే చదువుకున్నా సరిపోతుంది. జిల్లా డెస్క్ (వచ్చిన వార్తలను దిద్ది పేజీలు తయారుచేసే విభాగం) పని తెలిసిన మనిషిగా రాస్తున్నాను కాబట్టి పత్రికల సంగతులు ఎక్కువగా, టీవీ సంగతులు కొంత తక్కువగా ఉంటాయి.

## చేరడానికి ముందు

నేను బీకాం చదువుతున్నాను. జర్నలిజం విద్యార్థిని కాకపోతే ఇంటర్న్‌షిప్ ఇవ్వరా?

ఇస్తారు. జిల్లా బ్యూరోలో, అంటే పత్రిక జిల్లా కార్యాలయంలో, డిగ్రీ పేరు కన్నా ముందు చూసేవి వేరే ఉన్నాయి: తెలుగు తప్పుల్లేకుండా రాయగలరా, చుట్టుపక్కల మండలాలు తెలుసా, రమ్మన్న సమయానికి వస్తారా. మీరు చదివే సబ్జెక్టు మీకు అదనపు బలమే అవుతుంది. బీకాం విద్యార్థి మున్సిపల్ బడ్జెట్‌నో, సహకార సంఘం లెక్కలనో చదివి తేడా పట్టుకోగలడు. కెమిస్ట్రీ చదివినవారికి నీటి పరీక్ష నివేదిక అర్థమవుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు సరిపెట్టుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. మర్రిగూడ, మునుగోడు వైపు బోరు నీళ్ల గురించి రాసేటప్పుడు ఈ అంకె తెలిసిన ఇంటర్న్ అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. దరఖాస్తులో మీ సబ్జెక్టును దాచకండి, మొదటి వాక్యంలోనే రాయండి.

హైదరాబాద్ వెళ్లాలా, మా జిల్లాలోనే చేయాలా?

మొదటి ఇంటర్న్‌షిప్ జిల్లాలోనే చేయమని గట్టిగా చెబుతాను. పెద్ద ఛానల్ ప్రధాన కార్యాలయంలో ఇంటర్న్‌కు సాధారణంగా ఒకే ముక్క అప్పగిస్తారు. తెర కింద పరుగెత్తే స్క్రోలింగ్ టైప్ చేయడమో, పాత విజువల్స్ (వీడియో దృశ్యాలు) వెతికి ఇవ్వడమో, పక్క ఛానళ్లలో ఏం వస్తోందో చూస్తూ కూర్చోవడమో ఆ పని. వాటిలోనూ నేర్చుకునేది ఉంటుంది, కానీ వార్త ఎక్కడ పుట్టిందో, ఎవరి మీద పడిందో కనిపించదు. జిల్లాలో అయితే ఉదయం కొనుగోలు కేంద్రంలో ధాన్యం కుప్ప పక్కన రైతుతో మాట్లాడతారు, మధ్యాహ్నం పౌరసరఫరాల అధికారిని అడుగుతారు, సాయంత్రం కాపీ, అంటే వార్త, రాస్తారు. మర్నాడు అదే రైతు పత్రిక చదివి ఫోన్ చేసి, ఫలానాది తప్పు రాశారని నిలదీస్తాడు. ఆ ఫోన్ ఏ క్లాసులోనూ రాదు.

జిల్లా అంటే చిన్నచూపు అక్కర్లేదు. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నీలగిరి పత్రికను నల్లగొండ నుంచే నడిపారు. 1926లో హైదరాబాద్‌లో గోల్కొండ పత్రికను మొదలుపెట్టిన సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు మనిషి. నిజాం ఏలుబడిలో తెలుగు పత్రిక నడపడమే సాహసంగా ఉన్న రోజులవి.

వీడియో ఎడిటింగ్, గ్రాఫిక్స్, స్టూడియో పని మీద ఇప్పటికే స్పష్టమైన ఇష్టం ఉన్నవాళ్లు మాత్రం హైదరాబాద్ వెళ్లడం మేలు, ఎందుకంటే ఆ సదుపాయాలు అక్కడే ఉంటాయి. అలా వెళ్తే అక్కడే ఉండే ఏర్పాటు చేసుకోండి. నల్లగొండ నుంచైనా, మహబూబ్‌నగర్ నుంచైనా సుమారు 100 కిలోమీటర్లు. రోజూ అంత దూరం వెళ్లి రావడంలోనే ఓపిక అయిపోతుంది.

నాకు పత్రికల్లో ఎవరూ తెలియదు. ఎవరిని అడగాలి?

జిల్లా కేంద్రంలో ప్రతి ప్రధాన పత్రికకూ బ్యూరో కార్యాలయం ఉంటుంది. బ్యూరో ఇన్‌చార్జిని లేదా స్టాఫ్ రిపోర్టర్‌ను ఉదయం పూట కలవండి. సాయంత్రం వార్తలు పంపే హడావిడిలో ఎవరూ మీతో మాట్లాడలేరు. ప్రిన్సిపల్ లేదా విభాగాధిపతి సంతకం చేసిన లేఖ వెంట ఉండాలి. పెద్ద సంస్థల్లో అనుమతి హైదరాబాద్ నుంచి రావాలి, అందుకే కనీసం నెల ముందు అడగండి. పత్రికల్లో కుదరకపోతే జిల్లా పౌర సంబంధాల అధికారి కార్యాలయంలో ప్రయత్నించండి. ప్రభుత్వ ప్రకటన ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసినవాళ్లు, రేపు అలాంటి ప్రకటన చేతికి వస్తే అందులో ఏం వదిలేశారో ఇట్టే కనిపెడతారు.

ఇంటర్న్‌షిప్ ఇస్తాం కానీ ఐడీ కార్డుకు, లోగోకు డబ్బు కట్టమంటున్నారు. కట్టాలా?

కట్టకండి. నిజమైన వార్తా సంస్థ ఇంటర్న్ దగ్గర డబ్బు తీసుకోదు. కార్డులు, మైకు లోగోలు అమ్ముకోవడమే వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లు ప్రతి పట్టణంలోనూ ఉన్నారు. ఆ కార్డుతో మీరు ఎక్కడికి వెళ్లినా, వాళ్లు అంతకుముందు చేసిన వసూళ్ల మచ్చ మీ మీద కూడా పడుతుంది.

స్టైపెండ్ ఇస్తారా?

జిల్లా కార్యాలయాల్లో చాలావరకు ఇవ్వరు. కొన్నిచోట్ల ప్రయాణ ఖర్చు ఇస్తారు. చేరకముందే నేరుగా అడగండి, అడిగితే తప్పుగా అనుకోరు. ఖర్చులో పెద్ద భాగం తిరగడానికే పోతుంది. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో రాష్ట్ర మహిళలకు ప్రయాణం ఉచితం కాబట్టి అమ్మాయిలకు ఈ భారం తగ్గింది. అబ్బాయిలు రోజూ వెళ్లే దారికి పాస్ తీసుకోవడం మంచిది.

చేరేలోపు ఏం నేర్చుకోవాలి?

తెలుగు టైపింగ్ ముందు నేర్చుకోండి. యూనికోడ్‌లో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తే ఎక్కడైనా పని నడుస్తుంది. కొన్ని డెస్కుల్లో ఇప్పటికీ యూనికోడ్ కాని అను ఫాంట్లు వాడుతున్నారు, అక్కడ ఏ కీబోర్డు అవసరమో ముందే కనుక్కోండి. టైపింగ్ వచ్చిన ఇంటర్న్‌కు మొదటి రోజే పని దొరుకుతుంది.

ఆ తర్వాత జిల్లాల పటం. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాక సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వచ్చాయి. నారాయణపేట 2019 ఫిబ్రవరిలో ఏర్పడింది. షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డిలో, కొడంగల్ వికారాబాద్‌లో, కల్వకుర్తి నాగర్‌కర్నూల్‌లో ఉన్నాయి. ఏ మండలం ఏ జిల్లాలో ఉందో తడుముకోకుండా చెప్పగలగాలి. రెండు పత్రికల జిల్లా పేజీలను ఒక నెలపాటు పక్కపక్కన పెట్టుకొని చదవండి. ఒకే సంఘటనను ఇద్దరు ఎలా మొదలుపెట్టారో చూస్తే చాలా తెలుస్తుంది.

## మొదటి రోజులు

చేరి నాలుగు రోజులైంది, ఏ పనీ చెప్పడం లేదు. ఏం చేయాలి?

అడిగేదాకా ఎవరూ చెప్పరు. మీ మీద కోపంతో కాదు, అక్కడ ఎవరికీ తీరిక ఉండదు. ‘ఏదైనా పని ఉందా సార్’ అని అడిగితే ‘చూద్దాం’ అనే జవాబు వస్తుంది. అదే ‘ఈరోజు ప్రెస్ నోట్లన్నీ నేను టైప్ చేస్తాను’, ‘ప్రజావాణికి మీతో రావచ్చా’ అని అడిగితే పని మొదలవుతుంది. ప్రెస్ నోట్ కుదించి రాయడం మొదటి పనిగా అడగడం మంచిది. రెండు పేజీల ప్రకటనను ఐదు వాక్యాలకు తెచ్చి చూపించండి. అది సరిగ్గా వస్తే వారంలో మిమ్మల్ని బయటికి తీసుకెళ్తారు.

ఆఫీసులో ఎవరిని ఏమని పిలవాలి?

మొదట అందరినీ సార్, మేడం అనండి. కొద్ది రోజులకు రిపోర్టర్లను అన్నా, అక్కా అని పిలిచే చనువు దానంతటదే వస్తుంది. ఊళ్లో పెద్దవాళ్లను తాతా, అవ్వా, పెద్దమ్మా అని పలకరించండి. మైకు చేతిలో ఉందని ‘నువ్వు’ అనకండి.

నా తెలుగు పత్రిక భాషలా ఉండదు. నేను రాయగలనా?

రాయగలరు. పత్రిక భాష అంటే బరువైన మాటలని చాలామంది అనుకుంటారు. నిజానికి మంచి కాపీలో చిన్న వాక్యాలు ఉంటాయి, ఎవరు ఏం చేశారో మొదటి చదువులోనే తెలుస్తుంది. ‘పలువురు’, ‘పలు సమస్యలు’, ‘ఈ సందర్భంగా వారు మాట్లాడుతూ’ లాంటివి కొట్టేసి చూడండి, వార్త సగానికి తగ్గి రెట్టింపు స్పష్టంగా ఉంటుంది. చెల్క, కుంట, గట్టు, తరుగు లాంటి మాటలు మీకు ఇంట్లోనే వచ్చాయి. నగరంలో పెరిగిన సబ్ ఎడిటర్ వాటిని వెతుక్కోవాలి.

నేను రాసిన వార్త మొత్తం మార్చేశారు. బాధగా ఉంది.

ఈ పేజీలో నేను అన్నిటికన్నా ముఖ్యమనుకునే ప్రశ్న ఇది. ఇంటర్న్‌షిప్‌లో మీకు దక్కే అసలు చదువు ఆ మార్పుల్లోనే ఉంది, మిగతావి దానికి తోడు. మీరు పంపిన కాపీని ఒక నకలు దాచుకోండి. మర్నాడు అచ్చయిన వార్తను పక్కన పెట్టి వాక్యం వాక్యం పోల్చండి. ఏం తీసేశారు, ఏం పైకి తెచ్చారు, ఏ పేరు సరిచేశారు, అన్నీ నోటు పుస్తకంలో రాసుకోండి.

ఒక ఉదాహరణ కల్పించి చూపిస్తాను. ఇంటర్న్ ఇలా రాశాడనుకోండి: ‘మండల కేంద్రంలో సోమవారం సర్వసభ్య సమావేశం జరిగింది. ఈ సమావేశంలో పలువురు సభ్యులు పలు సమస్యలను అధికారుల దృష్టికి తెచ్చారు. తాగునీటి సమస్యను పరిష్కరించాలని కోరారు.’ డెస్క్ దాన్ని ఇలా మార్చింది: ‘మూడు తండాలకు రెండు నెలలుగా మిషన్ భగీరథ నీళ్లు రావడం లేదు. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లే తాగుతున్నామని సభ్యులు సోమవారం మండల సమావేశంలో అధికారులను నిలదీశారు.’ రెండో దానిలో ఉన్న విషయాలన్నీ ఇంటర్న్ నోటు పుస్తకంలోనూ ఉన్నాయి. అతను సమావేశం గురించి రాశాడు, డెస్క్ నీళ్ల గురించి రాసింది. అంతే తేడా. ఇది ఒకసారి కంటికి కనిపిస్తే తర్వాతి వార్తలో మీ చెయ్యి దానంతటదే నీళ్ల దగ్గర మొదలవుతుంది.

పోల్చుకున్నాక కూడా అర్థం కాని మార్పు ఒకటి రెండు ఉంటే, పేజీలు అచ్చుకు వెళ్లిపోయాక సబ్ ఎడిటర్‌ను అడగండి. ‘ఎందుకు మార్చారు’ అనకుండా ‘ఇది ఇక్కడ ఎందుకు పనికిరాలేదో చెప్పండి’ అంటే ఎవరైనా ఓపికగా చెబుతారు. కొన్ని పత్రికల జిల్లా పేజీలు స్థానిక యూనిట్‌లో, కొన్ని హైదరాబాద్‌లో తయారవుతాయి. డెస్క్ దూరంగా ఉంటే ఫోన్ నంబరు తీసుకొని వారానికి ఒకసారైనా మాట్లాడండి. మార్చినందుకు కాదు, మార్పు తప్పయితే మాత్రం వెంటనే చెప్పాలి. మీరు రాసిన సరైన ఊరి పేరు డెస్క్‌లో తారుమారైతే మౌనంగా ఉండకూడదు.

## బయటికి వెళ్లినప్పుడు

మా జిల్లాలో రాయడానికి ఏముంది? రోజూ ప్రారంభోత్సవాలే కదా?

ప్రారంభోత్సవాలు మీరు వెళ్లకపోయినా వస్తాయి, వాటి ప్రకటన ఫోన్‌కే వచ్చేస్తుంది. మీరు వెళ్తేనే వచ్చేవి వేరే. కొనుగోలు కేంద్రంలో 40 కిలోల బస్తాకు తరుగు పేరుతో అదనంగా ఎంత తూస్తున్నారు, తేమ 17 శాతం దాటిందని ఎన్ని కుప్పలు ఆపారు? నల్లగొండ బత్తాయి రైతు తోటలో అమ్మిన ధర ఎంత, అదే కాయ హైదరాబాద్ మార్కెట్‌లో ఎంత? నడిగడ్డలో (గద్వాల వైపు) సీడ్ పత్తి వేసిన రైతుకూ విత్తన కంపెనీ తరఫు ఆర్గనైజర్‌కూ మధ్య ఒప్పందం కాగితం మీద ఉందా, నోటి మాటేనా? నల్లమల చెంచు పెంటలకు (అడవిలోని గూడేలకు) అంబులెన్స్ ఎంతవరకు వెళ్తుంది? ముంబైకి వలస వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు ఎవరి దగ్గర ఉండి చదువుకుంటున్నారు?

సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణి ఇంటర్న్‌కు పెద్ద బడి. లోపల అధికారుల వరుస దగ్గర కాకుండా బయట అర్జీ రాయించుకునేవాళ్ల దగ్గర నిలబడండి. ఒకే సమస్య మీద ఎన్నోసారి వచ్చారని అడగండి. పాత రసీదులు చూపిస్తే వాటి తేదీలు రాసుకోండి. వార్త అక్కడే ఉంటుంది. తర్వాత సంబంధిత శాఖ వివరణ తీసుకోకుండా మాత్రం రాయకండి.

ఇంకో మాట. నారాయణపేట వైపు కన్నడం, మరాఠీ మాట్లాడేవాళ్లు ఉన్నారు, మహబూబ్‌నగర్, నల్లగొండ పట్టణాల్లో ఉర్దూ బాగా వినిపిస్తుంది. ఈ భాషల్లో ఏది వచ్చినా బ్యూరోలో చెప్పండి. అక్కడి మనుషుల దగ్గరికి మిమ్మల్నే పంపుతారు.

అంకెల దగ్గర తడబడుతున్నాను. టీఎంసీ, క్యూసెక్కు అంటే ఏమిటి?

కృష్ణా పరీవాహకంలో పనిచేసే ఇంటర్న్‌కు ఇది వచ్చి తీరాలి. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు, అది ప్రవాహానికి కొలత. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, అది నిల్వకు కొలత. 11,574 క్యూసెక్కులు ఒక రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుంది. జూరాల నుంచి లక్ష క్యూసెక్కులు వదులుతున్నారంటే రోజుకు ఎనిమిదిన్నర టీఎంసీలకు పైగా దిగువకు పోతున్నాయన్నమాట. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, శ్రీశైలానిది 885. ‘లక్ష టీఎంసీల వరద’ అని ఎవరైనా ప్రెస్ నోట్‌లో రాస్తే ఈ లెక్క తెలిసినవాళ్లు అక్కడే ఆపుతారు. ఎకరాలు, క్వింటాళ్లు, కోట్ల రూపాయలు ఏవైనా సరే, ఒకసారి భాగించి చూసి, మనిషికి ఎంత, ఎకరానికి ఎంత వస్తుందో సరిచూశాకే రాయండి.

ఊళ్లో మనుషులు నాతో మాట్లాడటం లేదు.

నోటు పుస్తకం తీయకముందు కాసేపు కూర్చోండి. పంటల గురించి, వానల గురించి మాట్లాడండి. ఎవరు మీరు, ఏ పత్రిక, ఎందుకు వచ్చారు అన్నది దాచకుండా చెప్పండి. పత్రికకు చెబితే పింఛను ఆగుతుందేమో, బిల్లు రాదేమో అని భయపడటానికి వాళ్లకు కారణాలు ఉంటాయి. పేరు వేయవద్దంటే వేయకండి. మధ్యాహ్నం పొలాల నుంచి అందరూ ఇళ్లకు చేరే వేళ, సాయంత్రం రచ్చబండ దగ్గర కూర్చునే వేళ తెలుసుకొని వెళ్తే సగం పని అయిపోతుంది.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా?

చెప్పి చేసుకోండి. రికార్డు ఉన్నా ముఖ్యమైన పేర్లు, అంకెలు కాగితం మీద రాసుకోండి. ఇంటిపేరు, వయసు, ఊరు వాళ్లకే మళ్లీ చదివి వినిపిస్తే తప్పులు అక్కడే తేలిపోతాయి.

టీవీ ఛానల్‌లో చేరాను. కెమెరా ముందు ఎప్పుడు నిలబెడతారు?

బహుశా ఇంటర్న్‌షిప్‌లో నిలబెట్టరు, దానికోసం ఎదురుచూస్తూ రోజులు పోగొట్టుకోకండి. కెమెరామన్ వెంట ఉండండి. బైట్ (కెమెరా ముందు మనిషి చెప్పే మాట) తీసుకునేటప్పుడు వెలుతురు ఎటు ఉండాలి, మైకు ఎంత దూరంలో ఉండాలి, ఒక నిమిషం కథనానికి ఎన్ని రకాల విజువల్స్ కావాలి అన్నవి అతని దగ్గరే నేర్చుకోవాలి. రోజూ ఒక కథనానికి దృశ్యాల వెనుక వినిపించే వాయిస్ ఓవర్ స్క్రిప్ట్ మీరు రాసి, ప్రసారమైన దానితో పోల్చుకోండి. పీటూసీ (కెమెరాను చూస్తూ రిపోర్టర్ చెప్పే ముక్క) మీ ఫోన్‌లోనే తీసి రిపోర్టర్‌కు చూపించండి.

ఇంటర్న్‌గా నేను ఆర్టీఐ దరఖాస్తు పెట్టవచ్చా?

పెట్టవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రకారం ఏ పౌరుడైనా అడగవచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. జవాబు 30 రోజుల్లో రావాలి. అందుకే చేరిన మొదటి వారంలోనే వేయండి, లేకపోతే మీరు వెళ్లిపోయాక కవరు వస్తుంది. ఒక దరఖాస్తులో ఒకే విషయం, ఒకే కాలం అడగండి: ఫలానా ఆర్థిక సంవత్సరంలో ఫలానా పాఠశాల మరమ్మతులకు మంజూరైనది ఎంత, ఖర్చయింది ఎంత, బిల్లుల నకళ్లు. చిరునామాగా మీ ఇంటిది ఇవ్వండి.

ప్రెస్ మీట్‌లో నాకూ డబ్బుల కవర్ ఇచ్చారు. తీసుకోకపోతే పక్కవాళ్లు ఏమనుకుంటారో?

తీసుకోకండి. ‘నేను విద్యార్థిని, మా కాలేజీ ఒప్పుకోదు’ అని నెమ్మదిగా చెప్పి వచ్చేయండి, ఎవరితోనూ వాదన అవసరం లేదు. పక్కవాళ్లు ఏమన్నా అనుకోనివ్వండి. ఒక్కసారి తీసుకుంటే తర్వాత ఆ మనిషి గురించి ప్రశ్న అడగడానికి మీకే గొంతు పెగలదు. పెన్ను, టీ లాంటివాటి దగ్గర పట్టింపు అక్కర్లేదు.

బండికి ‘ప్రెస్’ స్టిక్కర్ వేసుకోవచ్చా?

వద్దు. ఇంటర్న్‌కు ఆ అవసరం లేదు.

పెద్ద ప్రమాదం జరిగింది, నన్నూ తీసుకెళ్లారు. అక్కడ నేను చేయగలిగింది ఏమిటి?

2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం పైకప్పు కూలి 8 మంది లోపల చిక్కుకున్నారు. అందరూ ఇతర రాష్ట్రాల నుంచి పని కోసం వచ్చినవాళ్లే. అలాంటి చోట పేర్లు, ఊళ్లు, వయసులు సరిగ్గా సేకరించడమే ఇంటర్న్ చేయగల పెద్ద సాయం. హిందీ వస్తే మరీ మంచిది. ప్రతి పేరునూ రెండు చోట్ల సరిచూడండి. అధికారులు ధ్రువీకరించేదాకా ఎవరూ చనిపోయారని రాయకండి, మీ వాట్సాప్‌లోనూ పెట్టకండి, ఎందుకంటే కుటుంబం ముందుగా అక్కడే చూస్తుంది. సహాయక సిబ్బంది దారికి అడ్డం నిలవకండి. ఏడుస్తున్నవాళ్ల ముఖం మీదికి ఫోన్ పెట్టమని ఎవరు చెప్పినా పెట్టకండి.

## చిక్కులు వచ్చినప్పుడు

బాలికపై అఘాయిత్యం కేసు రాయమన్నారు. ఏం రాయవచ్చు, ఏం రాయకూడదు?

బాధితురాలి పేరు, ఫొటో, ఇల్లు, బడి, తల్లిదండ్రుల పేర్లు, బంధుత్వం ఏదీ రాయకూడదు. పిల్లలపై లైంగిక నేరాల పోక్సో చట్టం సెక్షన్ 23, భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 72 దీన్ని నేరంగా చెబుతున్నాయి. బాధితురాలు మరణించినా గుర్తింపు బయటపెట్టకూడదని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. చిన్న ఊళ్లో మన జాగ్రత్త ఇంకా ఎక్కువ ఉండాలి. ఊరి పేరు, తండ్రి వృత్తి, తరగతి కలిపి రాస్తే పేరు రాయకపోయినా ఊరంతా గుర్తుపడుతుంది. మండలం పేరుతో ఆపండి. నిందితుడు బంధువైతే అతని పేరు వేసినా ఆమె ఎవరో తెలిసిపోతుందని మరవకండి. నిందితుడు బాలుడైతే అతని గుర్తింపూ ఇవ్వకూడదు. ఇలాంటి కాపీని సీనియర్‌కు చూపించకుండా ఎప్పుడూ పంపకండి.

రైతు ఆత్మహత్య, విద్యార్థి ఆత్మహత్య వార్తలు ఎలా రాయాలి?

ఎలా చనిపోయారన్న వివరం, వాడిన వస్తువు పేరు, చివరి లేఖ, ఫొటో వద్దు. ఒకే కారణం అంటగట్టకండి. ‘మార్కులు తక్కువ వచ్చాయని’ అని శీర్షిక పెడితే అదే పరిస్థితిలో ఉన్న ఇంకో పిల్లవాడు అది చదువుతాడు. అప్పులు, పంట నష్టం ఉంటే వాటిని పూర్తిగా, ఆధారాలతో రాయండి, కుటుంబానికి రావలసిన సాయం ఎంతవరకు వచ్చిందో ఆ తర్వాత కూడా అడగండి. వార్త చివర టెలీ మానస్ సహాయ నంబరు 14416 తప్పకుండా ఇవ్వండి.

యాడ్స్ తెమ్మంటున్నారు. ఇది కూడా ఇంటర్న్‌షిప్‌లో భాగమేనా?

కాదు. పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ప్రకటనలు తెచ్చే భారం మండల విలేకరుల మీద ఉంటుందన్నది నిజం. కానీ ఇంటర్న్ చదువుకోవడానికి వచ్చాడు. ‘కాలేజీ లేఖలో వార్తల విభాగమనే ఉంది సార్’ అని చెప్పండి. మళ్లీ అడిగితే మీ విభాగాధిపతితో మాట్లాడించండి.

మా ఊరి పెద్దమనిషి ఇంటికొచ్చి ఆ వార్త వేయవద్దని మా నాన్నతో అన్నాడు.

అదే రోజు బ్యూరో ఇన్‌చార్జికి చెప్పండి. ఆ వార్తను ఇకపై రిపోర్టర్ చూసుకోవాలి, మీ నోట్స్ అన్నీ ఆయనకు ఇచ్చేయండి. ఊళ్లో బతకవలసిన కుటుంబాన్ని ముందుపెట్టి పోరాడమని ఏ మంచి పత్రికా ఇంటర్న్‌ను కోరదు. సొంత ఊరు, సొంత బంధువుల వ్యవహారాలు మొదటి నుంచే మీరు తీసుకోకపోతే ఇంకా మంచిది.

ఆఫీసులో ఒకరి ప్రవర్తన ఇబ్బందిగా ఉంది. ఇంటర్న్‌కు ఫిర్యాదు చేసే హక్కు ఉందా?

ఉంది. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం జీతం లేని శిక్షణార్థులకూ వర్తిస్తుంది. 10 మంది లేదా అంతకన్నా ఎక్కువ మంది ఉన్న సంస్థలో అంతర్గత కమిటీ ఉండాలి. చిన్న కార్యాలయమైతే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వవచ్చు. సాధారణంగా మూడు నెలల్లోపు ఇవ్వాలి. సందేశాలు, కాల్ వివరాలు చెరిపేయకండి. ఇంట్లోనో, కాలేజీలోనో నమ్మకమున్న ఒకరికి ఆ రోజే చెప్పండి. మహిళల సహాయ నంబరు 181. సర్టిఫికెట్ పోతుందేమోనని ఓర్చుకోకండి, కాలేజీ మీకు వేరే చోట ఏర్పాటు చేయగలదు.

చాట్‌బాట్‌తో వార్త రాయించుకుంటే తప్పా?

రాయించుకోకండి. అది ఊళ్ల పేర్లు తారుమారు చేస్తుంది, లేని మాటలు మనుషుల నోట పెడుతుంది, ఆ తప్పు మీ పేరు మీద అచ్చవుతుంది. పైగా దిద్దించుకోవడానికి మీ సొంత కాపీ అంటూ ఉండదు. రికార్డింగును అక్షరాల్లోకి మార్చుకోవడానికి వాడితే, మళ్లీ విని సరిచూసుకోండి.

## చివరి వారం, ఆ తర్వాత

నా పేరుతో ఒక్క వార్తా రాలేదు. పని చేశానని ఎలా చూపించాలి?

ఇంటర్న్‌కు బైలైన్ రాకపోవడం మామూలే. అచ్చయిన రోజే ఈ-పేపర్ నుంచి ఆ పేజీని దించుకోండి, తర్వాత వెతికితే దొరకకపోవచ్చు. పక్కన మీ అసలు కాపీ పెట్టండి. తేదీ, ఎడిషన్, అందులో మీ వంతు పని ఏమిటో ఒక వాక్యం రాయండి. ఇలాంటివి ఐదారు చాలు. వాటిలో ఒక ఫాలోఅప్ ఉండేలా చూసుకోండి. రాసిన వార్త తర్వాత ఏమైందో మళ్లీ వెళ్లి చూసిన విద్యార్థిని ఉద్యోగం ఇచ్చేవాళ్లు ప్రత్యేకంగా గమనిస్తారు.

కాలేజీకి ఇచ్చే రిపోర్టులో ఏం రాయాలి?

సంస్థ చరిత్రతో పేజీలు నింపకండి, అది ఎవరూ చదవరు. ఒక వార్తను తీసుకొని, సమాచారం ఎలా వచ్చింది, ఎవరితో మాట్లాడారు, ఏం రాశారు, డెస్క్ ఏం మార్చింది అన్నది పూర్తిగా రాయండి. రోజువారీ డైరీ ఉంటే ఇది ఒక్క సాయంత్రం పని. వైవాలో కూడా ఈ భాగం గురించే అడుగుతారు.

సర్టిఫికెట్ ఇవ్వడానికి తిప్పుతున్నారు.

చివరి రోజు దాకా ఆగకండి. ఒక వారం ముందే తేదీలు, చేసిన పని రాసి ముసాయిదా మీరే టైప్ చేసి ఇవ్వండి, లెటర్‌హెడ్ మీద సంతకం చేయడమే వాళ్లకు మిగలాలి.

దీని తర్వాత ఉద్యోగం వస్తుందా?

వెంటనే రావడం అరుదు. ప్రధాన పత్రికలు కొన్ని తమ సొంత జర్నలిజం స్కూళ్లలో పరీక్ష పెట్టి, శిక్షణ ఇచ్చి తీసుకుంటాయి. ఆ పరీక్షలో అనువాదం, తెలుగు, వర్తమాన విషయాలు ఉంటాయి. కాపీలు దిద్దించుకున్న విద్యార్థికి అక్కడ స్పష్టమైన మొగ్గు ఉంటుంది. ఇంకా చదవాలనుకుంటే ఉస్మానియాలో జర్నలిజం విభాగం 1954 నుంచి ఉంది, సీపీగెట్ ప్రవేశ పరీక్ష రాయాలి. జీతాలు మొదట్లో తక్కువే, ఈ సంగతి ఇంట్లో ముందే చెప్పండి.

మండల కంట్రిబ్యూటర్‌గా ఉండిపొమ్మంటున్నారు. ఒప్పుకోవాలా?

చదువు పూర్తికాకుండా వద్దు. కంట్రిబ్యూటర్‌కు చాలా పత్రికల్లో నెల జీతం ఉండదు, అచ్చయిన వార్తను బట్టి లైన్ అకౌంట్ వస్తుంది, దాంతో పాటు ప్రకటనల, చందాల టార్గెట్లు ఉంటాయి. డిగ్రీ చేతికొచ్చాక కూడా ఇష్టముంటే, నెలకు సుమారు ఎంత వస్తుంది, టార్గెట్ ఎంత, అది అందకపోతే ఏమవుతుంది అని ఇప్పటికే ఆ పని చేస్తున్న పక్క మండలం విలేకరిని విడిగా అడగండి. ఆయన చెప్పిన లెక్క నచ్చి ఒప్పుకుంటే, నియామకం కాగితం మీద తీసుకొని మొదలుపెట్టండి.